గజ్జెల గురువునకు జీతమెవరిత్తురు?

శనగ విత్తనము పడి, చేలలో పని కొంత తెరపి యిచ్చిన తరువాత, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు పల్లెలలో రాత్రి భోజనములైన పిమ్మట ఒక చప్పుడు వినవచ్చును. మొదట చెక్కల తాళము. దాని వెంబడి గజ్జెలు. ఆపైన ఒక ముదురు గొంతుక పాట నెత్తుకొనగా ఇరువది లేత గొంతుకలు అందుకొనును. రామాలయము ముందటి బయలులో చెక్కభజన నేర్పుచున్నారన్నమాట. ఈ చప్పుడు కొన్ని ఊళ్ళలో నేటికిని సాగుచున్నది. కొన్ని ఊళ్ళలో ఆగిపోయినది. ఆగినచోట ఎందుచేత నాగినది, సాగుచున్నచోట ఎవరి చలువ వలన సాగుచున్నది అను సంగతిని మా శ్రోతలతో కొంత ముచ్చటింపదలచినాము.

చెక్కభజన నెఱుగని శ్రోతలకు దాని స్వరూపమును ముందుగా చెప్పవలెను. ఇత్తడి బిళ్ళలు పొదిగిన కొయ్య చెక్కలు చేతబట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, పాట పాడుచు, వలయముగానో వరుసలుగానో నిలిచి అడుగులు వేయు సామూహిక నృత్యమిది. పాట, తాళము, నాట్యము మూడును ఒక్క మనిషియే నిర్వహింపవలెను. పాట పాడువాడు వేఱు, ఆడువాడు వేఱు అను సదుపాయము ఇందులో లేదు. గురువు నడుమ నిలిచి పల్లవి నందిచ్చును. ఆయన కనుసన్నతో అడుగు మాఱును, నడక మాఱును, వలయము రెండుగా చీలును, మరల కలియును. రామాయణ భారత కథలు, భాగవత ఘట్టములు, వీరబ్రహ్మముగారి సంప్రదాయపు తత్వములు, నడుమనడుమ సరసములు, పొలము పాటలు, అన్నియు నిందులో చోటు చేసికొనినవి. కోలాటమునకు కోపులెట్లో దీనికి అడుగులట్లు. ఎన్ని అడుగులు తెలిసిన అంత గురువు.

ఇన్ని అడుగులును గురువు నోటను, కాలను ఉన్నవే తప్ప కాగితము మీద లేవు. పాటలు కొన్ని నోటుపుస్తకములలో వ్రాసికొందురు కాని, అడుగు వ్రాతకు లొంగదు. కనుక ఒక ఊరికి చెక్కభజన రావలెనన్న గురువు రావలెను. ఆయన పొరుగూరి రైతో, కూలియో, చేనేతవాడో అయియుండును. ఊరివారు ఆయనతో మాట్లాడుకొని ఇంత ముట్టజెప్పుదుమని ఒప్పుకొందురు. బస గుడిలోనో ఎవరి చావడిలోనో. భోజనము శిష్యుల ఇండ్లలో వంతులవారీగా. మూడు నెలలు, రాత్రికి రెండు గంటల లెక్కన చూచినను నూట ఎనుబది గంటల చదువు. ఇది ముగిసిన నాడు గజ్జెపూజ జరుగును. గజ్జెలను దేవుని ముందుంచి పూజించి, గురువునకు క్రొత్త బట్టలు పెట్టి, దక్షిణ ఇచ్చి, ఊరందఱి యెదుట తొలిసారి ఆడుదురు. ఆనాటినుండి అది ఆ ఊరి జట్టు. శ్రీరామనవమికి, తిరునాళ్ళకు, పొరుగూరి పిలుపునకు అదియే పోవును.

ఇందులో ఖర్చు ఎక్కడ నున్నదో శ్రోతలు గమనింపగోరెదము. ఆట యాడు రాత్రికి దీపములు, మైకు, కాఫీ, బాడుగ బండి. వీనికి చందా పోగగుట అంత కష్టము కాదు. పండుగనాడు ఎవడును చేయి ముడుచుకొనడు. అసలు ఖర్చు అంతకుముందటి తొంబది రాత్రులది. ఆ తొంబది రాత్రులును చూచువాడు లేడు, చప్పట్లు లేవు, ఫోటోలు లేవు. పూర్వము ఈ భారమును ఊరు తెలియకుండగనే మోసెడిది. గురువునకు పెట్టిన అన్నము ఏ లెక్క పుస్తకమునను వ్రాయబడలేదు. నేడు ఇంటి పడుచువాడు బెంగుళూరులోనో గల్ఫు దేశములోనో ఉండగా, పెద్దలిద్దఱే మిగిలిన ఇంటిలో వంతు భోజనమునకు గురువును పిలుచుట ఎట్లు? నేర్చుకొను వయసువారు ఊర లేనప్పుడు గురువు ఎవరికొఱకు రావలెను?

పద్యనాటకమునకు వచ్చిన లెక్క కొంచెము వేఱు. పట్టణవాసులు విని నవ్వుకొందురేమో కాని, మా సీమ పల్లెలలో నాటకమాడువాడు డబ్బు పుచ్చుకొనడు, తానే ఇచ్చును. కురుక్షేత్రమో, హరిశ్చంద్రయో, బ్రహ్మముగారి నాటకమో ఆడుదుమని పది పదునైదుగురు కూడుకొందురు. హార్మోనియము మేష్టరు వచ్చి నెలల తరబడి పద్యములు నేర్పును. పాత్రను బట్టి చందా. ప్రధాన పాత్రకు ఎక్కువ, చిన్న వేషమునకు తక్కువ. కృష్ణపాత్రకు పోటీ హెచ్చైనచో ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని ఒకే వేషమును ఇద్దఱికి పంచుటయు కలదు. ఆ విధముగా ఇద్దఱి చందాయు నిలుచును, ఇద్దఱి ముచ్చటయు తీఱును. కిరీటములు, భుజకీర్తులు, తెరలు డ్రెస్సు కంపెనీవారినుండి అద్దెకు వచ్చును. స్త్రీపాత్రలకు పట్టణమునుండి నటీమణులను పిలిపింతురు. వారికి మాత్రము పారితోషికము ముందే మాట్లాడుకొందురు. రాత్రి పద్యము రక్తి కట్టినచో ప్రేక్షకులు చదివింపులు చదివింతురు. తెల్లవాఱునప్పటికి రావణుడుగాని, దుర్యోధనుడుగాని రంగు కడిగికొని, ఆ పగలే నీటి వంతునకు చేనికి పోవును. ఇంతటి ఇష్టము మీద బ్రతికిన కళను 'వినోద కార్యక్రమము' అని ఒక గడిలో వేసి చూచుట మాకు సమ్మతము కాదు.

ఈ మూడు పట్టణముల చుట్టును ఉన్న నేలకు రేనాడని పూర్వనామము. ఎఱ్ఱగుంట్ల దగ్గఱి కలమళ్ళలో 575 ప్రాంతమున రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనము, ఇప్పటికి దొరికిన తెలుగు శాసనములలో మొదటిదని పండితులు చెప్పుదురు. ఆ కాలమునుండియు దేవాలయమునకు భూమి, దేవాలయములో పాడువానికి ఆడువానికి మాన్యము అను పద్ధతి దక్షిణదేశమున అంతటను ఉన్నట్లే ఇక్కడను ఉండెను. కళ ధైర్యము చూపిన కథయు ఈ జిల్లాలోనిదే. మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలలో మాచుపల్లె కైఫీయత్తు ఒకటి. సిద్ధవటసీమ నేలుచుండిన సమ్మెట గురవరాజు ధనము కొఱకు స్త్రీలను చిత్రహింసలు పెట్టుచుండగా, కూచిపూడి భాగవతులు ఆ దురాగతమును విజయనగర ప్రభువు ఎదుట కేళికగా ఆడి చూపిరనియు, ప్రభువు సైన్యమును పంపి గురవరాజును శిక్షించెననియు అందు వ్రాయబడినది. కూచిపూడి భాగవతుల ప్రసక్తి గల తొలి ఆధారములలో నిది యొకటి. అర్జీ పెట్టుకొనలేని వారి అర్జీని ఆటగాండ్రు మోసికొనిపోయిరి. ఆనాడు వారికెవరు దారిబత్తె మిచ్చిరో కైఫీయత్తు చెప్పదు!

మాన్యముల కాలము ఎన్నడో ముగిసినది. 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో ఆంధ్రప్రాంతపు ఇనాము భూములు రైతువారీ పట్టాలుగా మాఱినవి. న్యాయమైన మార్పే. అయితే భూమితో ముడిపడిన కొలువు విడివడిన తరువాత, ఆ కొలువునకు మఱియొక ఆధారమును చూపవలసిన పని మిగిలిపోయినది. కేంద్రములో సంగీత నాటక అకాడమీ 1953లోను, మన రాష్ట్రపు అకాడమీ 1957లోను ఏర్పడినవి. రాష్ట్రపు అకాడమీలు 1983లో రద్దైనవి. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము వచ్చి వాని పనిని కొంత తలకెత్తుకొన్నది. ఇవన్నియు రాజధానులనుండి పని చేసిన సంస్థలు. రాజధానికిని రామాలయపు బయలుకును నడుమ దూరము చాల ఎక్కువ.

ఇక్కడ సురభి కథను కొంత విపులముగా చెప్పక తప్పదు. ఏలయనగా ఒక ఊరు ఒక కళను పుట్టించి, తన యొద్ద నిలుపుకొనలేకపోయిన కథ ఇంత స్పష్టముగా మఱియెక్కడను లేదు.

పులివెందుల నియోజకవర్గమునకు చెందిన చక్రాయపేట మండలమున సురభి యను పల్లె కలదు. తోలుబొమ్మలాటను కులవృత్తిగా గలిగి మహారాష్ట్ర దేశమునుండి వచ్చిన కుటుంబములు ఈ ప్రాంతమున స్థిరపడినవి. తోలుబొమ్మలాటలో తెరవెనుక కుటుంబమంతయు పని చేయును. తండ్రి బొమ్మ నాడించును, తల్లి పాడును, పిల్లలు మద్దెల వాయింతురు. ఈ అలవాటు వారికి తరువాత పెట్టుబడి యైనది. 1885లో ఆ కుటుంబములలోని వనారస గోవిందరావు మొదలైనవారు, గ్రామ పెద్దల ప్రోత్సాహముతో, బొమ్మలను ప్రక్కనబెట్టి తామే వేషములు కట్టి 'కీచకవధ' నాటకమును సురభిలో ఆడిరి. ఆ ఊరి పేరే ఆ నాటకసమాజమునకు పేరైనది. క్రమముగా నటుల ఇంటిపేరైనది.

మిగిలిన సమాజములలో మగవారే ఆడువేషము వేయుచున్న దినములలో, ఈ కుటుంబములలోని స్త్రీలు రంగస్థలము మీదికి వచ్చిరి. తోలుబొమ్మల తెరవెనుక పాడిన గొంతుకయే తెరముందుకు వచ్చినదనవచ్చును. ఒక్కొక్క సమాజము పదులకొలది మనుషులుగల ఉమ్మడి సంసారము. పరదాలు, డేరా, వంటపాత్రలు, పసిబిడ్డలు, అన్నిటితో ఊరూరను నెలల తరబడి మకాము. మాయాబజారులో ఘటోత్కచుని మాయలు, ఆకాశమున ఎగురు పాత్రలు, రంగస్థలము మీదనే వాన, మంటలు. తీగెలతో, కప్పీలతో వీనినన్నిటిని సమకూర్చుకొన్న ఇంజనీర్లు వారింటి మనుషులే. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' కు నటులు కావలసివచ్చినప్పుడు దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి సురభివారినే ఆశ్రయించెను. సురభి కమలాబాయి అందులో లీలావతి. 1937లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర నాట్యమండలికి పెద్దయైన రేకందార్ నాగేశ్వరరావుగారిని, సురభి బాబ్జీ అని ప్రసిద్ధి, 2013లో పద్మశ్రీతో సత్కరించిరి. వారు 2022లో కీర్తిశేషులైరి.

గర్వింపదగిన చరిత్రయే. అయినను ఇందులో మాకు తోచిన సంగతి వేఱు. ఈ వృద్ధి యంతయు సురభి గ్రామమునకు దూరముగా జరిగినది. సమాజములు శాఖోపశాఖలై కోస్తాకు, తెలంగాణమునకు తరలిపోయినవి. టిక్కెట్టు కొనగల పట్టణములు అక్కడ ఉన్నవి. వర్షాధారపు మెట్ట పల్లెలో ఏటికొకటి రెండు ఆటలకు మించి ఎవరు కొనగలరు? సురభి కళాకారులు తిండి దొరకు దారిని పోయిరి. వారిని నిందింప వీలులేదు. ఊరిని నిందింపను వీలులేదు. నాటకమును మొదలుపెట్టుటకు ఊరి ఉత్సాహము చాలినది. నిలుపుటకు ఉత్సాహము చాలలేదు. పల్లెలో కళ మొలచుటకు కావలసినది ఒకటి, నిలుచుటకు కావలసినది మఱియొకటి. ఈ రెండవదానిని గుఱించియే ఈ వ్యాసము.

ప్రొద్దుటూరు సంగతి దీనికి భిన్నము. అది వర్తకుల ఊరు. బంగారము, ప్రత్తి, నూనెల వ్యాపారముతో పెరిగిన పట్టణము. అక్కడి అమ్మవారిశాల, అనగా వాసవీ కన్యకాపరమేశ్వరి దేవాలయము, దసరా ఉత్సవములకు పెట్టినది పేరు. దసరా వైభవములో ప్రొద్దుటూరును రెండవ మైసూరందురు. విజయదశమి నాటి తొట్టి మెరవణిని చూచుటకు చుట్టుప్రక్కల పల్లెలన్నియు కదలివచ్చును. వైశ్య సంఘము కట్టుబాటుగా సొమ్ము పోగుచేసి ఏటేట జరుపుకొను ఈ ఉత్సవము, ఏ ప్రభుత్వపు గ్రాంటు కొఱకును ఎదురుచూడని సంస్థకు మంచి ఉదాహరణము. ఈ ఊరిలోనే దుర్భాక రాజశేఖర శతావధానిగారును, గడియారము వేంకటశేషశాస్త్రిగారును జంటగా అవధానములు చేసిరి. ఒకరు రాణాప్రతాపసింహ చరిత్రను, ఒకరు శివభారతమును వ్రాసిరి. పుట్టపర్తి నారాయణాచార్యులవారు ఈ ఊరిలో ఉపాధ్యాయులుగా నుండి శివతాండవమును రచించిరి. వర్తకము గల ఊర విద్వాంసుడు బ్రతుకగలిగెను. అటువంటి ఆసరా పల్లెకు లేదు.

ఇట్టి పెద్ద ఉత్సవములను జరుపువారికి మేమొక మనవి చేయదలచినాము. ఊరేగింపునకు కేరళ వాద్యములు రావలసినదే, కర్ణాటకపు డొళ్ళు రావలసినదే. చూచువారికి అది పండుగ. అయితే పది మైళ్ళ దూరముననున్న చెక్కభజన జట్టునకు ఆ వరుసలో చోటిచ్చి, దూరపు జట్టునకిచ్చిన మర్యాదనే దానికిని ఇచ్చినచో, ఆ జట్టులోని పిల్లవాడు మఱునాడు పల్లెకు వేఱొక నడకతో పోవును. 'మనవాండ్లే కదా, భోజనము పెట్టిన చాలును' అను మాట కమిటీ సమావేశములలో తఱచుగా వినబడును. ఆ మాటతో ఎన్ని జట్లు చెదరినవో!

ఇప్పుడు జమ్మలమడుగు వైపు చూతము. గండికోట జలాశయమున 26.85 టి.ఎం.సి.ల నీరు నిలుచునట్లు కట్టిరి. సీమకు నీరు కావలెను; ఇందులో వాదము లేదు. నీటిమట్టమును పెంచినకొలది కొండాపురము మండలపు ఊళ్ళు ఒక్కటొక్కటిగా ఖాళీ యైనవి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు అట్లే కదలినది. ఊరు కదలినప్పుడు ఇంటికి వెల కట్టుదురు, చెట్టుకు వెల కట్టుదురు. చెక్కభజన జట్టునకు వెల కట్టు పట్టిక లేదు. జట్టులోని ఇరువదిమంది నాలుగు కాలనీలకు చెదరినచో ఆ జట్టు లేనట్లే, మనుషులందఱు క్షేమముగా ఉన్నను. ముంపు పల్లెకును పునరావాస కాలనీకిని గల భేదములలో ముఖ్యమైనది నడిమి బయలు. పాత ఊరిలో గుడి ముందర ఎవరికిని చెందని ఖాళీ స్థలముండును. క్రొత్త కాలనీలో ప్రతి గజమునకును పట్టా ఉండును.

2013 నాటి భూసేకరణ చట్టమును వ్రాసినవారు ఈ సంగతిని మఱువలేదు. దాని మూడవ షెడ్యూలులో పునరావాస గ్రామమునకు కల్పింపవలసిన వసతుల జాబితాలో, రోడ్లు, నీటి కుళాయిల సరసన, ప్రతి 50 కుటుంబములకు ఒక ప్రార్థనాస్థలము, జనులు కూడుకొనుటకు చెట్టుక్రింది అరుగు ఉండవలెనని ఉన్నది. మన భాషలో రచ్చబండ. చట్టములో రచ్చబండకు చోటు దొరకుట చిన్న విషయము కాదు. ఇకముందు ఏ జలాశయము క్రిందనైనను, ఏ గని ప్రక్కనైనను ఊరు కదలవలసివచ్చినచో, ఊరివారు ఇండ్ల కొలతలతో పాటు ఈ అరుగు కొలతను కూడ అడుగవలెను. ఇరువదిమంది గజ్జెలు కట్టి తిరుగుటకు ఎంత వలయము కావలెనో గురువే అడుగులు వేసి చూపగలడు.

ఇక డబ్బు ఎక్కడ ఉన్నది? మనవారు తలచునంత కరవు లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినప్పుడు పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములను పదకొండవ షెడ్యూలులో చేర్చిరి. వానిలో గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యకలాపములు, సంతలు తిరునాళ్ళు వరుసగా ఉన్నవి. అనగా గజ్జెల గురువు సంగతిని గ్రామసభలో ప్రస్తావించుట అప్రస్తుత ప్రసంగము కాదు. పంచాయతి చేతిలో సొమ్ము తక్కువే కావచ్చును. కాని బడి వరండాను రాత్రి రెండు గంటలు విడుచుటకు, ఒక దీపము వేయించుటకు, గురువునకు ఒక గది చూపుటకు పెద్ద సొమ్ము అక్కఱలేదు.

రెండవది కర్మాగారముల మార్గము. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, ఏటి నికర లాభము 5 కోట్లు, లేదా వ్యాపారము 1000 కోట్లు, లేదా నికర విలువ 500 కోట్లు దాటిన కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో కనీసము నూటికి రెండు వంతులు సమాజహితమునకు వెచ్చింపవలెను. ఏ పనులకు వెచ్చింపవచ్చునో చెప్పు ఏడవ షెడ్యూలులో విద్య, ఆరోగ్యములతో పాటు కళాసంస్కృతుల రక్షణ, సంప్రదాయ కళల అభివృద్ధి స్పష్టముగా పేర్కొనబడినవి. తాము పనిచేయు ప్రాంతమునకు మొదటి చూపు ఇయ్యవలెననియు చట్టము చెప్పుచున్నది. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు పరిసరములలో సిమెంటు కర్మాగారములున్నవి. పులివెందుల దగ్గఱ తుమ్మలపల్లెలో యురేనియము గని ఉన్నది. పల్లెవారు వీరి యొద్దకు నీటి ట్యాంకునకును, బడి గోడకును పోవుదురు, పోవలసినదే. అర్జీలో ఇంకొక పంక్తి చేర్చినచో తప్పు లేదు. అడిగినవారే అరుదు గనుక ఇచ్చినవారును అరుదు.

కేంద్ర సంస్కృతి శాఖవారు అరువది యేండ్లు నిండిన పేద కళాకారులకు నెలకు 6,000 రూపాయల వఱకు సాయము చేయు పథకమును నడుపుచు వచ్చినారు. తంజావూరు కేంద్రముగా 1986లో ఏర్పడిన దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రము గురుశిష్య పరంపర పేరుతో శిక్షణకు తోడ్పడుచున్నది. ఇవి మంచి పథకములు. అయితే దరఖాస్తుతో జతపఱచవలసిన కాగితముల మాట వచ్చినప్పుడు మన గురువు చిక్కుపడును. మీరు కళాకారుడనుటకు ఋజువేమి అని అడుగుదురు. ఆయన నాలుగు ఊళ్ళ పేర్లు చెప్పి, అక్కడ ఆడువారినందఱిని అడుగుడనును. అది కాగితము కాదు గదా! ఊరిలోని ఉపాధ్యాయుడో, గ్రంథాలయాధికారియో, పట్టా పుచ్చుకొన్న మనుమడో ఒక సాయంకాలము కూర్చుండి, ఏ ఏట ఏ ఊర గజ్జెపూజ జరిగినదో వరుసగా వ్రాసి, పంచాయతి ముద్ర వేయించి ఇచ్చినచో ఆయనకు చేసిన సాయము చిన్నది కాదు. మాకు తెలిసినంతలో, డబ్బు కంటె ఈ వ్రాయసకాని కొఱతయే పల్లె కళకు పెద్ద కొఱత.

ఈ మార్గములన్నిటిలోను ఒక చిక్కు ఉన్నది. సొమ్ము ఇచ్చువాడు ఎవరైనను ప్రదర్శనకే ఇచ్చును. ప్రదర్శనకు తేదీ కలదు, వేదిక కలదు, వెనుక కట్టు గుడ్డమీద తన పేరు కలదు. శిక్షణకు ఇవేవియు లేవు. ఫలితమేమన, జట్టును రాత్రంతయు ఆడవలసిన ఆటనుండి పది నిమిషముల ముక్కకు కుదింతురు. ఒకే రంగు బట్టలు తొడిగి, ఊరేగింపు ముందర నడిపింతురు. ఎనిమిది అడుగులు వచ్చిన చాలును. మిగిలినవి ఎవరు అడుగుదురు? గురువునకు తెలిసిన తక్కిన అడుగులు ఆయనతోనే పోవును. గండికోటలోగాని మఱియొక చోటగాని ఉత్సవములు జరుగుట మాకును సంతోషమే. ఉత్సవమునకు పిలిచిన ప్రతి జట్టునకును ఒక నెల ముందు శిక్షణ భత్యము కూడ ఇచ్చునట్లు ఏర్పాటు చేసినచో, ఉత్సవము ముగిసిన తరువాత పల్లెలో ఏదో కొంత మిగులును. ఏమి ఆడవలెను, ఎంతసేపు ఆడవలెను అను నిర్ణయమును గురువునకే విడుచుట మంచిది. శ్రావణ శనివారములలో పాపఘ్ని యొడ్డున గండి ఆంజనేయుని సన్నిధికి పోయి చూచినవారికి ఈ మాట సులభముగా బోధపడును. అక్కడ ఎవరును గడియారము చూడరు.

సంతోషింపదగిన మార్పు ఒకటి కలదు. చెక్కభజన ఒకప్పుడు పురుషులదే. మగవారు వలసపోయిన ఊళ్ళలో ఆడపిల్లలును, ఇల్లాండ్రును చెక్కలు పట్టినారు. కోలాటపు జట్లయితే ఇప్పుడు చాలమట్టునకు స్త్రీలవే. జడకోలాటములో పైనుండి వ్రేలాడు త్రాళ్ళను ఆడుచు అల్లి, ఆడుచు విప్పుట ఎఱిగిన బాలికల జట్టును చూచిన తరువాత, ఈ కళ అంతరించినదని వ్రాయుటకు ఎవరికిని చేయి రాదు. ముసలి గురువులు కొందఱు మొదట సంకోచించిరి, తరువాత ఒప్పుకొనిరి. సంకోచము వీడనివారి అడుగులు వారితోనే ఆగినవి.

ఆకాశవాణి కడప కేంద్రము 1963లో మొదలైనది. నాటినుండి పల్లె పాటకు రేడియోలో చోటు దొరకుచున్నది. జానపద గాయకుడు స్వరపరీక్షకు వచ్చి నెగ్గినచో అతనికి శ్రేణి ఏర్పడును. పాడినప్పుడు పారితోషికము ముట్టును. పెద్ద మొత్తము కాకపోవచ్చును. కాని ఆ ఒప్పంద పత్రమే, ఇంతకుముందు చెప్పిన 'ఋజువు' క్రింద పలుచోట్ల పనికివచ్చును. దానికి మించి ఊరివారికి తమ పాట యంత్రమునుండి తిరిగి వినబడినప్పుడు కలుగు ఉత్సాహమొకటి కలదు. అది వెల కట్టరానిది.

మా పొరపాటును కూడ ఒప్పుకొనవలెను. చాలకాలము క్రిందట మేమొక జట్టును స్టూడియోకు పిలిపించి చెక్కభజనను రికార్డు చేసితిమి. నాలుగు గోడల నడుమ, మెత్తని పఱపు మీద, పదునారుగురిని నిలిపి పాడుడని అంటిమి. గజ్జెల మ్రోతలో పాట మునిగిపోయినది. గజ్జెలు విప్పుడని చెప్పితిమి. విప్పిన తరువాత అడుగు తప్పినది. అడుగు తప్పగా తాళము తప్పినది. తాళము తప్పగా గురువు పాట నాపి, కంటితో మమ్ము చూచి, ఏమియు అనక ఊరకుండెను. ఆనాటి రికార్డు ప్రసారము కాలేదు. ఆ తరువాత ఆయన ఊరికే పోయితిమి. ఈసారి మైకును ఎక్కడ నుంచవలెనో ఆయననే అడిగితిమి. గుడి అరుగు మీద వలదనెను. వేపచెట్టు క్రింది కొమ్మ చూపి, అక్కడ కట్టుడనెను. అక్కడినుండి పాట దగ్గఱగను గజ్జెలు దూరముగను వినబడినవి. నడుమ ఒకమాఱు కుక్క మొఱిగినది. దానిని మేము తీసివేయలేదు.